శుక్రవారం గంపలు

బుధవారం. దుమ్ముకు ఇంకా పదహారు రోజులు.

రాయడం నాకు అలవాటు లేదు. పదో తరగతి దాకా చదివాను కాబట్టి చేతకాదని చెప్పలేను. రాళ్ళబల్ల దగ్గర ఇరవై రెండేళ్ళు కూర్చున్నాను, ఒక్క కాగితం నింపలేదు. రాయి చేతిలోకి వస్తుంది, పేరు చెబుతాం, గంపలో పడుతుంది. అందులో రాసుకోవలసినదేముంది అనుకున్నాను. పైగా మొన్నమొన్నటిదాకా మా మాట తరవాత కన్ను మాట ఉండేది.

కన్ను అంటే యంత్రం. గంప దాని కిందనుంచి వెళ్తే లోపల ఏ రాయి ఎంత ఉందో చెప్పేసేది. అది ఆగిపోయి అరవై రోజులయింది. దానికి కావలసిన ముక్క భూమి నుంచి ఓడలో రావాలి. ఓడ రావడానికి ఇంకా రెండేళ్ళు. అంతవరకు బల్లదే చివరి మాట.

నిన్న మా ఊపిరి లెక్కలు చూసే గాలిపెద్ద దాలినాయుడు గారు వచ్చారు. పీట వేసినా కూర్చోలేదు.

"సన్నేసమ్మా, పోయిన శుక్కురవారం పొయ్యిలో పడ్డ గంపలు ఏ గోడవి? ఏ రోజు ఏరినవి?"

నాకు గుర్తు లేదు. బల్ల దగ్గర నాతో కూర్చునే పారమ్మ వైపు చూశాను. పారమ్మ నూకరత్నం వైపు చూసింది.

"వరసగా నాలుగు వారాలు," అన్నారాయన. "శనివారం వొచ్చిందంటే తూరుపు గుహలో వాంతులే. ఈసారి పంతొమ్మండుగురు. బల్ల పెద్దవి నీకే గుర్తు నేకపోతే నానెవుర్ని అడగాల?"

గట్టిగా అనలేదు. గట్టిగా అనుంటే ఇంత సిగ్గనిపించేది కాదు. అందుకే కలం పట్టాను. ఇవాళ్టి నుంచి ఏ గోడ నుంచి ఎన్ని గంపలు వచ్చాయో, ఎన్ని నిలిచాయో, ఎన్ని తీసేశామో రాస్తాను.

ఇవాళ పడమటి గోడ నుంచి ఇరవై ఆరు గంపలు. నిలిచినవి ఇరవై మూడు. తీసేసినవి మూడు గంపల రాయి, అన్నీ నల్లగీతవే.

గురువారం. దుమ్ముకు పదిహేను రోజులు.

ఇరవై ఆరు వచ్చాయి. ఇరవై రెండు నిలిచాయి. తీసేసినవి నాలుగు.

దాలినాయుడు గారు మధ్యాహ్నం వచ్చి కాగితం చూశారు. "ఇలగే రాయి. పని ఎలగ సేత్తారో కూడా రాయి. రేపు నువ్వు మంచం పడితే ఇంకోల్లకి తెలియాల గదా," అన్నారు. కాబట్టి అదీ రాస్తున్నాను.

మా ఊపిరి రాయిలోది. ఎర్రగీత రాయిని పొయ్యిలో కాల్చి లాగితే ఇనుము కింద మిగులుతుంది, ఊపిరి గొట్టాల్లోకి వెళ్తుంది. రెండువందల పన్నెండు మందిమి ఈ గుహల్లో బతుకుతున్నది దాని మీదే. దుమ్ము లేచాక నలభై రోజులు సూర్యుడు కనపడడు, పొయ్యికి కరెంటు చాలదు. ఆలోగా ఊపిరి దాచే తొట్లు నిండాలి. ఇప్పటికి సగమే నిండాయి.

రాయి బల్ల మీదికి వస్తే మూడు చేతులు పడాలి. మొదటిది పారమ్మ చేయి, బరువుకి. ఇక్కడ నేల లాగే బలం భూమి మీదకన్నా బాగా తక్కువ. సీసపు రాయి కూడా చిన్నపిల్లలకి ఉత్త రాయిలాగే అనిపిస్తుంది. పారమ్మ ఒక చేతిలో తెలిసిన రాయి, ఇంకో చేతిలో తెలియని రాయి పట్టుకుని కళ్ళు మూసుకుంటుంది. ఆపైన సూదంటురాయి దగ్గర పెట్టి చూస్తుంది. అతుక్కుంటే అది నల్ల ఇనుము, దాని దారి వేరు.

రెండో చేయి నాది. పెంకు మీద గీత గీస్తాను. పెంకు అంటే పింగాణీ పలక వెనకవైపు, నునుపు లేని తెల్లటి వైపు. పైకి మెరిసేదాన్ని నమ్మకూడదు. బంగారంలా మెరిసే రాళ్ళు రెండు రకాలున్నాయి, రెండూ నల్లటి గీతే పెడతాయి. మేకుతో గీరితే గాటు పడేది రాగి రాయి. మేకుకు లొంగకుండా ఉక్కుతో కొడితే నిప్పురవ్వ రాల్చేది గంధకపు రాయి. సీసపు రాయి ఎటు కొట్టినా చదరపు ముక్కలుగానే విరుగుతుంది. మాకు కావలసిన రాయి బయటికి ఎర్రగా ఉండొచ్చు, నల్లగా ఉండొచ్చు, పడమటి గోడలోలాగ వెండిపొడి చల్లినట్టు ఉండొచ్చు. పెంకు మీద మాత్రం దాని గీత ఎప్పుడూ ఎండిన నెత్తురు రంగే.

మూడో చేయి నూకరత్నానిది. ఇరవై మూడేళ్ళ పిల్ల, ఇక్కడే పుట్టింది. సుత్తితో ఒక దెబ్బ కొట్టి వాసన చూస్తుంది. కుళ్ళు వాసన గాని, అగ్గిపుల్ల వాసన గాని వస్తే పక్కన పెట్టమని నేనే నేర్పాను.

మూడు చేతులూ పడేదాకా ఎవరూ రాయి పేరు పైకి అనకూడదు. ఇది మా అత్తగారు పెట్టిన పద్ధతి. ఒకరి నోట పేరు వింటే మిగతావాళ్ళ చేతులు ఆ పేరు వైపే వెళ్తాయనేది ఆవిడ.

నిలిచిన గంప ఏడు రోజులు వేడిగదిలో ఆరుతుంది. తడి పోయాకే పొయ్యికి.

శుక్రవారం. దుమ్ముకు పద్నాలుగు రోజులు.

స్నానానికి ఒక చెంబు నీళ్ళు వచ్చాయి. మా అమ్మమ్మ ఓడలో చీర కుచ్చిళ్ళలో దాచి తెచ్చిన ఇత్తడి అమ్మవారికి, బొటనవేలంత ఉంటుంది, దీపం బదులు చిన్న బల్బు వెలిగించాను. ప్రసాదం పుట్నాలపొడి. తరవాత బల్ల దగ్గరికి వెళ్ళి సుత్తికి, సూదంటురాయికి, పెంకుకి బొట్లు పెట్టాను. ప్రతి శుక్రవారం పెడతాను. పనిముట్టుకి దణ్ణం పెట్టకుండా పని మొదలుపెడితే నాకు చేయి ఆడదు. ఇక్కడ పసుపు కొమ్ములెక్కడివి, మా కుంకం కూడా ఎర్రగీత రాయి నూరి, చుక్క నూనె కలిపి చేసుకున్నదే.

పడమటి గోడ తవ్వే సింహాద్రి గంపలు దించుతూ, "పిన్నీ, నీ అమ్మోరికి నా తరపున కూడా ఒక దండం ఎట్టు. గోడ మెత్తబడాల," అన్నాడు.

"నువ్వే పెట్టుకో నాయనా, చేతులున్నాయి కదా."

"నా సేతులు మట్టి సేతులు. నీవైతే ఆవిడకి తెల్సిన సేతులు."

నూకరత్నం సుత్తి దెబ్బ వేసి, రాయి ముక్కు దగ్గర పెట్టుకుని నవ్వింది. "అత్తా, ఈ గోడ రాళ్ళు కొడతంటే నాకు నోరూరతంది."

"పొద్దున ఏమీ తినలేదేమే?"

"తిన్నాను. అయినా ఊరతంది."

పారమ్మ పకపకా నవ్వింది. "దీనికి పెల్లి సెయ్యాలప్పా. రాళ్ళు కూడా కమ్మగుంటన్నాయి."

వచ్చినవి ఇరవై ఆరు. నిలిచినవి ఇరవై ఆరు. తీసేసినవి సున్నా. మనసుకి హాయిగా ఉంది. అమ్మవారి రోజున రాయి కూడా శుభ్రంగా వచ్చింది.

సోమవారం. దుమ్ముకు పదకొండు రోజులు.

శనివారం వచ్చిన ఇరవై ఆరు గంపలూ నిలిచాయి. ఆదివారం పొద్దున పెంకును తడిగుడ్డతో తుడిచి మొదలుపెట్టాను, మూడు గంపలు తీసేశాం. ఇవాళ నాలుగు.

మళ్ళీ వాంతులు. శనివారం సాయంత్రం మొదలయ్యాయి. ఈసారి ముప్ఫై ఒక్కరు. తూర్పు గుహకే ఎక్కువ, ఎందుకంటే పొయ్యి గొట్టం ముందు వెళ్ళేది అటే. పొయ్యి చూసే గవిరి అందరికన్నా నీరసపడింది. చూడడానికి వెళ్ళాను. గవిరి నాకు వరసకి ఆడపడుచు. ఆమెకి నా మీద జోకులు వేయడం చిన్నప్పటి అలవాటు.

"మీ అమ్మోరి పెసాదం నాకు పడనేదొదినా," అంది పడుకునే.

"అలా అనకే."

"ఆవిడేటీ అనుకోదులే, నీకే కోపం." కొంచెంసేపు కళ్ళు మూసుకుంది. "గొట్టం మూతి కాడ తెల్లగా పిండిలాగ పేరతన్నాది. ముందెప్పుడూ నేదు. రోజూ కాదు, వారంలో రెండ్రోజులే. సేత్తో తుడిసేత్తన్నాను."

"వట్టి చేత్తోనా?"

"గుడ్డలెక్కడున్నాయి?"

మధ్యాహ్నం గుంపు కూడింది. దాలినాయుడు గారు సింహాద్రిని లేవమన్నారు. పడమటి గోడ తెరిచింది అతనే. తెరిచి నలభై రోజులయింది, వాంతులు ఆ తరవాతే వచ్చాయి. చూపించిన చోట కాకుండా ఇంకెక్కడో సులువుగా దొరికే చోట తవ్వి గంపలు నింపుతున్నాడని ఇద్దరు ముగ్గురు అన్నారు.

"నా తల్లి తోడు, గీత గీసిన కాడే తవ్వినాను," అన్నాడు సింహాద్రి.

"మరి వారంలో రెండ్రోజుల రాయే విసమెలాగయింది?" అన్నారు దాలినాయుడు గారు.

"నాకేటి తెలుసు బావూ? నాను తవ్వుతాను. పేరు సెప్పేది బల్ల."

అందరూ నా వైపు చూశారు. నేను లేచి నిలబడ్డాను. "బల్ల మూడు చేతులూ వేసింది. ఎర్రగీత వచ్చిందే పంపాం," అన్నాను. నిజమే చెబుతున్నానని అనుకున్నాను.

దాలినాయుడు గారు సింహాద్రి నెత్తి మీది దీపం తీయించారు. తవ్వేవాడికి దీపం తీసేస్తే గోడ దగ్గరికి వెళ్ళే హక్కు పోయినట్టే. రేపటి నుంచి ఆ గోడ వేరే ఇద్దరు తవ్వుతారు. వచ్చే శనివారం కూడా వాంతులొస్తే పడమటి గోడ మూసేస్తారట. అప్పుడు పాతగోడ ఒక్కటే మిగులుతుంది. అది రోజుకి ఎనిమిది గంపలకి మించి ఇవ్వదు. ఆ లెక్కన దుమ్ము మధ్యలోనే తొట్లు ఖాళీ అవుతాయి. ఈ మాట ఎవరూ పైకి అనలేదు. అందరూ మనసులో లెక్క వేసుకుని ఇళ్ళకు వెళ్ళారు.

గురువారం. దుమ్ముకు ఎనిమిది రోజులు.

మంగళవారం తీసేసినవి మూడు. బుధవారం మూడు. ఇవాళ నాలుగు. తవ్వింది సింహాద్రి కాదు. ఆ గోడే, వేరే చేతులు. నల్లగీత రాయి మాత్రం అంతే వస్తోంది.

ఆ నల్లగీత రాయి ఏమిటో నాకు తెలియదు. సూదంటురాయికి అతుక్కోదు, మేకుకు లొంగదు. పక్కనే పెట్టి చూస్తే ఎర్రగీత రాయికి చెల్లెలిలా ఉంటుంది, అదే వెండి మెరుపు. గీత ఒక్కటే తేడా. తీసేస్తున్నాం కదా అని పేరు వెతకలేదు.

సింహాద్రి బల్ల పక్కనుంచి వెళ్తూ ఆగాడు. దీపం లేని తల చిన్నగా కనిపించింది. "పిన్నీ, నీ కాయితంలో నా రోజులూ ఈల్ల రోజులూ పక్కపక్కన ఎట్టి సూడు. ఏటన్నా తేడా ఉంటే సెప్పు. ఎవులికీ వద్దు, నాకు సెప్పు సాలు."

చూస్తానన్నాను.

శుక్రవారం. దుమ్ముకు ఏడు రోజులు.

వచ్చినవి ఇరవై ఆరు. నిలిచినవి ఇరవై ఆరు. తీసేసినవి సున్నా.

ఇవాళ ఇంకేమీ రాయను.

శనివారం. దుమ్ముకు ఆరు రోజులు.

నిన్న రాయనిది ఇవాళ రాస్తున్నాను. ఉన్నదున్నట్టు రాస్తాను.

నిన్న పొద్దున పెంకుకి బొట్టు పెట్టి పని మొదలుపెట్టాం. పదో గంప దగ్గర నూకరత్నం మళ్ళీ ఆ మాటే అంది.

"అత్తా, నువ్వు సెప్తుంటావు సూడు, మీ అమ్మమ్మ పెట్టే చారు కత. అది ఇలగే ఉంటాదేటి? నాకైతే ఇదే అనిపిత్తాది."

నా చేతిలో రాయి ఆగిపోయింది. దాని చేతిలో ముక్క తీసుకుని నేనే సుత్తితో కొట్టాను. రవ్వ లేచింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

వెల్లుల్లి.

భూమి విడిచి వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మాతో తెచ్చిన వెల్లుల్లి విత్తనం మొదటి ఏడే కుళ్ళిపోయింది. ఆ తరవాత ఈ గుహల్లో ఎవరూ ఆ వాసన చూడలేదు. ఇక్కడ పుట్టినవాళ్ళకు ఆ మాటే తెలియదు. కుళ్ళు వాసన చెప్పమన్నాను, అగ్గిపుల్ల వాసన చెప్పమన్నాను. కమ్మని వాసన వస్తే చెప్పమని ఆ పిల్లకి నేనెందుకు నేర్పుతాను? అది చెబుతూనే ఉంది, మేం నవ్వాం.

పారమ్మకి, నూకరత్నానికి ఏమీ చెప్పలేదు. అదే రాయిని మళ్ళీ పెంకు మీద గీశాను. ఎరుపే వచ్చింది. ఎర్రగీత రాయికి వెల్లుల్లి వాసన ఉండదు. కాగితం తీసి చూశాను. బుధవారం మూడు, గురువారం నాలుగు, శుక్రవారం సున్నా, శనివారం సున్నా, ఆదివారం మూడు. మళ్ళీ నిన్న సున్నా. తవ్విన చేతులు మారినా సున్నా మారలేదు. సున్నా సింహాద్రిది కాదు, శుక్రవారానిది.

అప్పుడు పెంకు వైపు చూశాను.

పోయిన ఏడాది ఆ పెంకు విరిగింది. ఇప్పుడు మూడు వేళ్ళంత ముక్క మిగిలింది. అది పెద్దగా ఉన్నప్పుడు బొట్టు మూలన ఉండేది, గీత నడుమ పడేది. చిన్నదయ్యాక ఎక్కడ గీసినా రాయి బొట్టు మీదుగానే వెళ్తోంది. నూనె కలిపిన కుంకం ఆ ముక్కంతా పాకింది. శుక్రవారం పెట్టిన బొట్టు చెరపకూడదని శనివారం కూడా ఉంచుతాను. ఆదివారం తుడుస్తాను. శుక్ర శనివారాలు ఏ రాయి గీసినా నా కళ్ళకి ఎండిన నెత్తురే కనపడింది.

పెంకును పక్కకి తిప్పి, అంచు మీద బొట్టు తగలని చోట గీశాను. నల్లగా, బొగ్గులాగ వచ్చింది.

ఇక్కడ నేను చేసింది ఎవరికీ తెలియదు. చీర కొంగు తడిపి ఆ పెంకును తుడిచేశాను. శుక్రవారం పూట, నా చేత్తో. "తలనొప్పిగా ఉంది, ఈ పూటకి చాలు," అని వాళ్ళిద్దరినీ పంపేశాను. మిగిలిన గంపలు చూడకుండానే కాగితంలో ఇరవై ఆరూ నిలిచాయని రాశాను. అమ్మవారి ముందు వెళ్ళి కూర్చున్నాను. దణ్ణం పెట్టుకోలేదు. సింహాద్రి దీపం ఎలాగూ పోయింది కదా, గోడ మూసేస్తారు కదా, వాంతులు వాటంతటవే ఆగిపోతాయి కదా అని ఆలోచించుకుంటూ కూర్చున్నాను. యాభై ఏళ్ళు వచ్చినదాన్ని. ఆవిడ ఎదురుగానే కూర్చుని అలా ఆలోచించాను.

నిన్న మధ్యాహ్నం పూట పొయ్యిలో పడవలసినవి పోయిన శుక్రవారం గంపలు. అది నాకు తెలుసు. పొయ్యి దగ్గర ఉండేది గవిరి అనీ తెలుసు.

ఇవాళ తెల్లవారాక తూర్పు గుహ మీదుగా వచ్చాను. పిల్లల దగ్గు, ఎవరో కక్కుతున్న చప్పుడు వినిపించాయి. అక్కణ్ణుంచి కాళ్ళు తిన్నగా దాలినాయుడు గారింటికి తీసుకెళ్ళాయి.

"పొయ్యి ఆపించండి బావూ. శనివారం గంపలు పెట్టనివ్వకండి. తప్పు గోడది కాదు, నాది."

ఆయన ముందు పొయ్యి ఆపించారు. తరవాత గుంపును పిలిచారు. అందరి ముందూ పెంకు బల్ల మీద పెట్టి, తడిగుడ్డతో తుడిచి, ఆ రాయి గీశాను. నల్లగా వచ్చింది. బొట్టు పెట్టి గీశాను. ఎర్రగా వచ్చింది. ముందు వరసలో ఉన్నవాళ్ళు వెనకవాళ్ళకి చెబుతుంటే ఆ మాట గుహ చివరిదాకా పాకడం విన్నాను. వైద్యం చూసే అమ్మాయి పాత పుస్తకం తెచ్చి చదివింది. కొడితే వెల్లుల్లి వాసన వచ్చే రాయిలో పాషాణం ఉంటుందట. కాలిస్తే తెల్లగా పొగై, చల్లబడినచోట పిండిలా పేరుకుంటుందట.

"నీ బత్తి మా పీకల మీదికి తెచ్చింది గదమ్మా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. నేను తల వంచుకున్నాను. అందులో తప్పేముంది, తెచ్చింది కదా.

సింహాద్రికి దీపం తిరిగి ఇచ్చారు. అతను దాన్ని నెత్తిన పెట్టుకుని, వెలిగించి, ఒకసారి ఆర్పి మళ్ళీ వెలిగించాడు. నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను.

"కాయితం సూడమన్నాను, సూసినావు," అన్నాడు. "సాల్లే పిన్నీ."

నిన్నటి ఒక్క పూట సంగతి గుంపులో చెప్పలేదు. ఇవాళ పొద్దునే తెలిసిందన్నట్టు మాట్లాడాను. ఎవరూ అడగలేదు.

సోమవారం. దుమ్ముకు నాలుగు రోజులు.

కూర్చుని రాసే తీరిక లేదు. వేడిగదిలో నూట యాభై దాకా గంపలున్నాయి. నా చేయి మీద నాకే నమ్మకం లేక, అన్నీ మళ్ళీ గీయాలన్నాను. ప్రతి గీతకీ పెంకు తుడుస్తూ ముగ్గురితో చేస్తే పది రోజుల పని. పెంకు ఒక్కటే.

దారి చూపింది నూకరత్నం. టీ తాగిన కప్పు బోర్లించి, అడుగున ఉండే గరుకు అంచు మీద రాయి గీసింది. "అత్తా, ఇక్కడ కూడా నునుపు నేదు సూడు!" గీత చక్కగా పడింది.

గంటలో గుహలన్నిటి నుంచి కప్పులు వచ్చాయి. ఓడలో వచ్చిన పింగాణీ, పిడి విరిగినవి, అంచు పగిలినవి. నూట ఇరవై మంది నేల మీద వరసగా కూర్చున్నారు. ఒక్కొక్కరి ఒళ్ళో ఒక బోర్లించిన కప్పు. ప్రతి ముగ్గురికీ మూడు చేతుల పద్ధతి. మూడో చేతికి నూకరత్నం వరస వెంట తిరిగి ఆ వాసన చూపించింది. "కమ్మగుంటాది, నోరూరతాది. ఊరిందంటే పారీండి!" అని అరుస్తూ తిరిగింది. పిల్లలు నవ్వారు, పెద్దవాళ్ళు నవ్వలేదు.

నన్ను గీయమని ఎవరూ అడగలేదు. తడిగుడ్డ పట్టుకుని కప్పులు తుడుస్తూ కూర్చున్నాను. గీత గీతకీ తుడవాలన్న కొత్త నియమం దాలినాయుడు గారు గోడ మీద రాయించారు. రెండో రోజు మధ్యాహ్నం పారమ్మ ఒక రాయి నా ఒళ్ళో పెట్టింది. "ఇది నువ్వు గియ్యప్పా, నాకు తెల్డంనేదు." దానికి తెలుసు. అయినా నా చేత గీయించింది.

కొత్త చేతులు అనుమానపడ్డ రాయంతా పక్కన పెట్టాక నూట పదహారు గంపలు నిలిచాయి. పొయ్యి మళ్ళీ వెలిగింది.

శుక్రవారం. దుమ్ము లేచింది.

పైన గాజుకిటికీ ఎర్రబడి, తరవాత నల్లబడింది. కరెంటు తగ్గింది. తొట్లు నిండడానికి వేలెడంత తక్కువ. నలభై రోజులకి సరిపోతుందని దాలినాయుడు గారు చెప్పారు. పొయ్యి చివరి నాలుగు రోజులూ గొట్టం మూతి దగ్గర తెల్ల పిండి పేరలేదు. ఈ వారం వాంతులు లేవు.

అమ్మవారికి పుట్నాలపొడి పెట్టాను. బొట్టు బల్ల కాలికి పెట్టాను. పెంకు జోలికి వెళ్ళలేదు.

దుమ్ములో పంతొమ్మిదో రోజు.

అందరూ తేరుకున్నారు, గవిరి తప్ప. వాంతులు ఆగాక ఆమెకి వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలయింది. ఇప్పుడు రెండు చేతుల వేళ్ళకీ స్పర్శ లేదు. కొన్నాళ్ళకి కొంత రావచ్చు, రాకపోవచ్చు అని వైద్యం చూసే అమ్మాయి చెప్పింది. అందరికన్నా ఎక్కువగా ఆ తెల్ల పిండి తుడిచింది గవిరి. అయిదు వారాలు తుడిచింది. నేను నోరు మూసుకున్న ఆ శుక్రవారం మధ్యాహ్నం కూడా తుడిచింది. ఆ ఒక్క పూట వల్లే అని చెప్పలేను. ఆ పూట వల్ల కాదనీ చెప్పలేను.

ఇవాళ పొద్దున వెళ్ళి తలుపు దగ్గరే నిలబడి చెప్పేశాను. బొట్టు సంగతి ఆమెకి తెలుసు. ఆ పూట సంగతి చెప్పాను. తెలిసీ ఆగానని, పెంకు తుడిచేశానని, ఆమె పొయ్యి దగ్గర ఉందని గుర్తుండే ఆగానని చెప్పాను.

గవిరి ఒళ్ళో తన వేళ్ళని తనే చూసుకుంది, ఎవరివో అన్నట్టు.

"ఎంతసేపాగినావు?"

"తెల్లారేదాకా."

"భయమేసిందా?"

"వేసింది."

"మీ అమ్మోరేటందీ?"

"ఏమీ అనలేదు. నేనే అడగలేదు."

గవిరి తల ఎత్తి అంది, "ఇంకెవులికీ సెప్పకు. నీ మీద జాలితో కాదు. దుమ్ము ఇంకా సగముంది. బల్ల మీద నమ్మకం పోతే జనం ఊపిరి బిగబట్టి బతుకుతారు. మనిద్దరి మద్దినే ఉండనీ."

"అంతా రాసి పెట్టాను గవిరీ. ఆ కాగితాలేం చేయమంటావు?"

"సింపకు. సూపించకు."

నేను వెళ్ళబోతుంటే పిలిచింది. గూట్లో చిన్న డబ్బా వైపు గడ్డంతో చూపించింది. "పెట్టుకుందారంటే నుదురెక్కడుందో ఏలికి తెలవడంనేదు. ముక్కు మీద పడతంది. పదిరోజులై బోసి మొకంతో ఉన్నాను." ముఖం నా వైపు ఎత్తి కళ్ళు మూసుకుంది. "రోజూ పొద్దున్న వొచ్చి ఎట్టి ఎల్లు. బతికినన్నాల్లూ. అదే నీకు సిచ్చ."

కుంకం తీసుకున్నాను. ఇరవై రెండేళ్ళు రాళ్ళ మీద గీతలు గీసిన చేయి, ఒక నుదుటి నడుమ చుక్క పెట్టడానికి మరో చేత్తో పట్టుకోవలసి వచ్చింది.

"తిన్నగా ఉందా?" అంది గవిరి.

"తిన్నగానే ఉంది."

"నీ మాట నమ్ముతాను మరి, నాకు అద్దం నేదు."

ఈ కాగితాలు బల్ల సొరుగులో, పెంకు చుట్టే గుడ్డ కింద పెడుతున్నాను. నా తరవాత బల్ల మీద కూర్చునేది ఎవరైనా సరే, తల్లీ, పని పద్ధతి కోసం ముందు పేజీలు చదువుకో. వెనక పేజీలు కూడా చదివితే చదువు. కానీ ఎవరికీ చూపించకు, చింపకు. ఆ గుడ్డ కిందే ఉంచు. ప్రతి శుక్రవారం బొట్టు బల్ల కాలికి పెట్టు.